పదును: తడిసిన పొడి గుళికయ్యే వేళ

(వైరాలో చేసిన స్మారక ఉపన్యాసానికి అచ్చు ప్రతి)



మన హైస్కూలు సారు స్మారకంగా మాట్లాడమని పిలిచినవాళ్ళు నాకు పెట్టిన షరతు ఒక్కటే. నువ్వు చేసిన పని గురించే చెప్పు, ఊళ్ళోవాళ్ళకు అర్థమయ్యేటట్టు చెప్పు అన్నారు. నేను చేసిన పని మందుల ఫ్యాక్టరీలో గ్రాన్యులేషన్. పొడిని తడిపి, కలిపి, గుళికలు కట్టించి, ఆరబెట్టి, మాత్రలు కొట్టే మిషనుకు పంపడం. సారు హైస్కూల్లో భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం చెప్పారు. ఆయన దగ్గర చదువుకున్నవాళ్ళలో చాలామంది జీడిమెట్లకో పాశమైలారానికో పోయి ఈ పనిలోనే చేరారు. ఊళ్ళో ఉండిపోయినవాళ్ళు ప్రతి వానాకాలం ఇదే పద్ధతిలో తయారైన డీఏపీ, కాంప్లెక్స్ ఎరువుల బస్తాలు దించుకుంటున్నారు. రెండు వైపులవాళ్ళూ ఈ పందిట్లో ఉన్నారు కాబట్టి ఈ విషయం మన ఊరిదే అని ధైర్యంగా మొదలుపెడుతున్నాను.

ఎండు ఇసుకను గుప్పిట పడితే జారిపోతుంది. కొంచెం తడిపితే ముద్ద నిలబడుతుంది. మరీ నీళ్ళు పోస్తే మళ్ళీ జారిపోతుంది. ముద్దను నిలబెట్టింది నీళ్ళే అయితే, ఎక్కువ నీళ్ళు ఇంకా గట్టిగా ఎందుకు పట్టుకోవు? ఇవాళ నేను చెప్పేదంతా ఈ ఒక్క ప్రశ్న చుట్టూనే తిరుగుతుంది.

రెండు రేణువులు తగులుకున్న చోట కాసింత నీరు చేరితే, అది వాటి మధ్య నడుము సన్నగా ఉన్న వంతెనలా నిలుస్తుంది. నీటికి తలతన్యత ఉంది, మీటరుకు 0.072 న్యూటన్లు. పిల్లలు పుస్తకాల్లో చదివే ఆ తలతన్యతే ఈ వంతెనను బిగించి రెండు రేణువులనూ దగ్గరికి లాగుతుంది. ఎంత బలంతో లాగుతుందో లెక్క వేద్దాం. మిల్లీమీటరులో పదో వంతు అడ్డకొలత ఉన్న రెండు ఇసుక రేణువులు తీసుకోండి. అవి నీటితో బాగా తడిసే రకమైతే, వంతెన లాగే బలం ఒక్కో రేణువు బరువుకు దాదాపు 1,600 రెట్లు వస్తుంది. అదే సెంటీమీటరు అడ్డకొలత ఉన్న రెండు గులకరాళ్ళయితే బరువులో ఆరో వంతు కూడా రాదు. లాగే బలం రేణువు వ్యాసార్ధంతో పాటు పెరుగుతుంది, బరువు మాత్రం వ్యాసార్ధపు ఘనంతో పెరుగుతుంది. అందుకే గులకరాళ్ళను ఎంత తడిపినా ఉండ కట్టవు. పిండి, సున్నం, మందు పొడి, రేగడి మట్టి వెంటనే కడతాయి.

ఈ లెక్కకు పునాది పడింది పొలం మట్టి మీదే. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో హెయిన్స్ అనే శాస్త్రవేత్త 1925లో, తడి మట్టి రేణువులు ఒకదాన్నొకటి ఎంత బలంగా పట్టుకుంటాయో సూత్రం కట్టాడు. ఆ సూత్రంలోని లోపాన్ని మరుసటి ఏడాదే అక్కడే పనిచేస్తున్న ఆర్.ఎ. ఫిషర్ సరిదిద్దాడు. గణాంకశాస్త్రానికి ఆధునిక రూపం ఇచ్చిన ఫిషర్ ఆయనే. మన సి.ఆర్. రావుగారు వాల్తేరులో, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎమ్మే గణితం చదివి, తర్వాత కేంబ్రిడ్జిలో 1948లో పీహెచ్‌డీ పట్టా పొందింది ఈ ఫిషర్ దగ్గరే. అంత పెద్ద గణిత మేధావి రెండు మట్టి రేణువుల మధ్య నీటి చుక్క గురించి కూర్చుని ఆలోచించాడన్న సంగతి నాకు ఎప్పుడు తలుచుకున్నా సంతోషం కలిగిస్తుంది. పిల్లలు ఇది గుర్తుపెట్టుకోవాలి. చిన్న విషయం అని ఏదీ ఉండదు.

ఇప్పుడు పదును సంగతికి వద్దాం. వాన పడ్డ మర్నాడు రేగడి చేలోకి నాగలి దింపరు. మట్టి ఎండి గడ్డకట్టాక కూడా దింపరు. చేతిలోకి ఒక ముద్ద తీసుకుని, నొక్కి, వేళ్ళతో విరిచి చూసి, పదునుందంటే దున్నుతారు. మా ఫ్యాక్టరీలో పాతకాలపు ఆపరేటర్లు చేసేదీ అదే. మిక్సర్ ఆపి, గుప్పెడు పొడి తీసి, పిడికిలి బిగించి, తెరిచి, బొటనవేలితో ముద్దను విరిచి చూస్తారు. పొడిగా రాలితే ఇంకా తడపాలి. వేళ్ళకు అంటుకుంటే బ్యాచ్ చేయి దాటింది. రెంటికీ మధ్య, ముద్ద నిలబడి, విరిస్తే శుభ్రంగా విరిగి, చేతికి అంటకుండా ఉంటే అదీ పదును.

ఆ పదునుకు శాస్త్రంలో రూపం ఇచ్చినవాళ్ళు న్యూయిట్, కాన్వే-జోన్స్ అనే ఇద్దరు. 1958లో తిరిగే డ్రమ్ములో ఇసుకను గుళికలు కట్టిస్తూ వాళ్ళు గమనించినదాన్ని ఇలా చెప్పుకోవచ్చు. రేణువుల మధ్య ఖాళీలు ఉంటాయి కదా, ఆ ఖాళీల్లో ఎంత భాగం నీళ్ళతో నిండిందన్నదే అసలు కొలత. పావు వంతు దాకా నిండితే నీళ్ళు తగులుకున్న చోట్ల మాత్రమే, విడివిడి వంతెనలుగా ఉంటాయి. అక్కడి నుంచి సుమారు 80 శాతం దాకా వంతెనలు ఒకదానితో ఒకటి కలిసిపోతాయి, మధ్యమధ్య గాలి చిక్కుకుని ఉంటుంది. అది దాటాక ఖాళీలన్నీ నిండుతాయి. అప్పుడు గుళిక పైతొక్క మీద మాత్రమే నీటి వంపులు మిగిలి, అవే లోపలి రేణువులను అదిమి పడతాయి. ఇంకా నీళ్ళు పోస్తే ఆ వంపులు కూడా పోతాయి. నీటికీ గాలికీ మధ్య వంపు తిరిగిన తలం ఉన్నంతవరకే లాగే బలం ఉంటుంది. తలం పోతే బలమూ పోతుంది, పొడి బురదవుతుంది. ఎక్కువ నీళ్ళు ఎందుకు పట్టుకోవన్న ప్రశ్నకు జవాబు ఇది. అదే ఏడాది జర్మనీలో హాన్స్ రుంఫ్ ఇంకో మాట తేల్చాడు. రేణువు ఎంత సన్నగా ఉంటే, ఖాళీలు ఎంత తక్కువగా ఉంటే గుళిక అంత గట్టిగా ఉంటుంది.

ఇందులో ఒక మెలిక ఉంది. దాన్ని మీ ముందు పెట్టడానికే నేను ఇంత దూరం వచ్చాను. పదును నీళ్ళ కొలతను బట్టి రాదు, నిండిన ఖాళీల పాలును బట్టి వస్తుంది. మిక్సర్ తిరుగుతున్నంతసేపూ గుళికలు ఒకదాన్నొకటి కొట్టుకుంటాయి, గోడకు కొట్టుకుంటాయి, రెక్కకు తగులుతాయి. ప్రతి దెబ్బకూ లోపలి రేణువులు ఇంకాస్త దగ్గరికి సర్దుకుంటాయి. ఖాళీ తగ్గుతుంది. నీళ్ళు మాత్రం అన్నే ఉంటాయి. ఉన్న ఖాళీ తగ్గితే అవే నీళ్ళు ఎక్కువైపోతాయి. కొంతసేపటికి లోపల చోటు చాలక పైకి ఊరతాయి. అప్పటిదాకా పైన పొడిగా ఉండి, తగిలినా అంటుకోకుండా విడిపోయిన గుళికలు, ఒక్కసారి పైతొక్క తడవగానే తగిలినవన్నీ అంటుకుంటాయి. మూడో నిమిషంలో చాలని నీళ్ళు ఆరో నిమిషంలో ఎక్కువైన బ్యాచ్‌లు నేను కళ్ళారా చూశాను. ఒక్క చుక్క కూడా కొత్తగా పోయలేదు.

ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ విశ్వవిద్యాలయంలో ఐవ్సన్, లిట్‌స్టర్ 1998లో దీన్ని ఒక పటంగా గీశారు. దెబ్బకు తేలిగ్గా నలిగే ముతక రేణువుల గుళికలైతే మొదటి నుంచీ నిలకడగా పెరుగుతూ పోతాయి. సన్నటి పొడి, చిక్కటి జిగురు కలిసిన గట్టి గుళికలు అలా కాదు. చాలాసేపు ఏమీ పెరగవు. అంతా బాగానే ఉంది, ఇంకొంచెం తిప్పుదాం అనిపిస్తుంది. ఆ తర్వాత చూస్తుండగానే గోలీలంత, ఉసిరికాయలంత అయిపోతాయి. ఆ కదలని సమయంలో లోపల పని జరుగుతూనే ఉంటుంది, ఖాళీలు మూసుకుంటూ ఉంటాయి. పైనుంచి చూసే కంటికి కనపడదంతే.

కాబట్టి ఆపరేటరుకు ఇచ్చే కాగితం మీద ఇన్ని లీటర్లు, ఇన్ని నిమిషాలు అని రాసి వదిలేస్తే సరిపోదు. పొడి బ్యాచ్ మారితే రేణువు సన్నదనం మారుతుంది. వానాకాలంలో స్టార్చి ముందే కొంత తేమ తాగి ఉంటుంది. రెక్క వేగం మారితే ఖాళీలు మూసుకునే వేగం మారుతుంది. ఇప్పటి ఆర్‌ఎంజీ (ర్యాపిడ్ మిక్సర్ గ్రాన్యులేటర్) మిషన్లలో రెక్క తిప్పే మోటారు ఎంత కరెంటు లాగుతోందో మీటరు చూపిస్తుంది. స్విట్జర్లాండులోని బాసెల్‌లో లాయన్‌బెర్గర్ బృందం 1970ల చివరి నుంచి చేసిన పని వల్ల, కరెంటు గీత ఎక్కడ ఎక్కుతుందో, ఎక్కడ సమంగా నిలుస్తుందో చూసి పదునును పట్టుకోవడం పరిశ్రమలో అలవాటైంది. అయినా ఆ మీటరును, ఆపరేటరు గుప్పిటను రెంటినీ నమ్ముతాను నేను. రెండూ ఒకే సంగతిని రెండు వైపుల నుంచి చెబుతాయి.

ఇంత తంటా ఎందుకు, పొడినే నేరుగా అచ్చులో పోసి నొక్కకూడదా అని పిల్లలు అడుగుతారు. గర్భిణులకు అంగన్‌వాడీలో, ఆరోగ్య కేంద్రంలో ఇచ్చే ఎర్ర మాత్ర తీసుకోండి. అందులో 60 మిల్లీగ్రాముల ఇనుము ఉంటుంది. దానితో పాటు ఫోలిక్ ఆమ్లం 500 మైక్రోగ్రాములు, అంటే అర మిల్లీగ్రాము. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ పరిశోధనశాలను నడిపిస్తున్న రోజుల్లో, 1945లో, ఆ ఫోలిక్ ఆమ్లాన్ని ప్రయోగశాలలో తయారు చేయగలిగారు. ఆ అర మిల్లీగ్రాము ప్రతి మాత్రలోనూ ఉండాలి. ఒక దాంట్లో ఒక మిల్లీగ్రామూ, పక్కదాంట్లో సున్నా ఉంటే ఆ తల్లికి, ఆ బిడ్డకు అన్యాయం జరిగినట్టే. ఎండు పొడులు కలిపి తొట్టెలో పోస్తే, తొట్టె అదిరిన కొద్దీ సన్నవి కిందికి, ముతకవి పైకి విడిపోతాయి. సన్నటి పొడి అచ్చులోకి సమంగా జారదు కూడా, తొట్టె మూతి దగ్గర కమాను కట్టి ఆగిపోతుంది. గుళిక కడితే ఈ రెండు కష్టాలూ తీరతాయి. కలిసినవి కలిసినట్టే ఒక్కో గుళికలో బందీ అవుతాయి. గుళికలు గింజల్లా జారి అచ్చును ఒకే బరువుతో నింపుతాయి.

మందుల ఫ్యాక్టరీ బయట మన తెలుగు నేల మీద ఈ విద్య బాగా తెలిసినవాళ్ళు సగ్గుబియ్యం చేసేవాళ్ళు. గోదావరికి అవతల సామర్లకోట, పెద్దాపురం వైపు కర్రపెండలం పండుతుంది. దుంపను చెక్కు తీసి, రుబ్బి, నీళ్ళలో పిండి దింపి, నీరు వార్చేస్తారు. మిగిలిన తడి పిండిని చిదిపి, ఊగే గుడ్డ ఊయలలోనో, కదిలే జల్లెడ మీదనో వేసి ఊపుతారు. పిండి రేణువులు మిల్లీమీటరులో వందో వంతు దగ్గర ఉంటాయి. నీటి వంతెనలు వాటిని ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఇందాక లెక్క చూశారు. ఊగుతున్న కొద్దీ ముక్కలు గుండ్రబడతాయి, ఒకదాని మీద ఒకటి పిండి పూసుకుంటాయి. జల్లించి, సైజు రానివాటిని మళ్ళీ ఊయలలో వేస్తారు. సైజుకు వచ్చినవాటిని వేడి పెనం మీద వేయిస్తే పైపొర ఉడికి, నీటి వంతెన ఉన్న చోట పిండి జిగురు గట్టిపడుతుంది. అప్పటిదాకా నీరు పట్టుకుంది, ఇకమీద ఉడికిన పిండే పట్టుకుంటుంది. పండగ పూట పాయసంలో వేసుకునే ఆ సగ్గుబియ్యం వెనుక ఇంత భౌతికశాస్త్రం ఉంది. దాన్ని చేసేవాళ్ళకు ఆ సూత్రాల పేర్లు తెలియకపోవచ్చు, విద్య మాత్రం పూర్తిగా తెలుసు. వాళ్ళను నేను మా రంగానికి పెద్దలుగా లెక్కిస్తాను.

గుళిక ఎలా పెరుగుతుందన్న లెక్కలో మన దేశపు పేర్లు గట్టిగా నిలిచాయి. 1960లలో అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయంలో ఆచార్య ఫ్యూర్‌స్టెనో దగ్గర పి.సి. కపూర్ సున్నపురాయి పొడి ఉండలు కట్టే వేగాన్ని కొలిచారు. కపూర్ తర్వాత కాన్పూరు ఐఐటీలో చాలాకాలం పనిచేశారు. 1973లో అదే బర్క్‌లీ నుంచి కె.వి.ఎస్. శాస్త్రి, ఫ్యూర్‌స్టెనో కలిసి ఉండలు పెరిగే దారులను విడదీసి పేర్లు పెట్టారు. కొత్త గుళిక పుట్టడం, రెండు గుళికలు ఒకటి కావడం, గుళిక మీద పొడి పొరగా పేరడం, గుళిక పగలడం, ఒకదాని మీద అరిగింది ఇంకోదానికి అంటుకోవడం. ఇనుప ఖనిజపు పొడిని ఉక్కు కొలిమికి పనికొచ్చే ఉండలుగా చేసే పరిశ్రమకు ఆ పని పునాదిరాయి. బైలాడిల్లా కొండల నుంచి 267 కిలోమీటర్ల గొట్టంలో నీళ్ళతో కలిసి విశాఖపట్నం చేరే సన్నటి ఖనిజం అక్కడ ఇలాగే ఉండలవుతుంది.

ఇక మన ఎరువు బస్తా. డీఏపీ మీద 18-46-0 అని ఉంటుంది. ఫాస్ఫారిక్ ఆమ్లంలోకి అమ్మోనియా పంపి దాన్ని చేస్తారు. ఒక్కసారే మొత్తం అమ్మోనియా పట్టించరు. ముందు ఒక ట్యాంకులో, అణువుల లెక్కన ఒక పాలు ఫాస్ఫారిక్ ఆమ్లానికి 1.4 పాళ్ళ అమ్మోనియా దగ్గర ఆపుతారు. ఆ పాలు దగ్గర తయారయ్యే ఉప్పు, నీళ్ళలో అన్నిటికన్నా ఎక్కువగా కరుగుతుంది, కాబట్టి ద్రవం పల్చగా ఉండి పంపుల్లో పారుతుంది. దాన్ని తిరుగుతున్న పెద్ద డ్రమ్ములో పొడి మీద చల్లి, అక్కడ మిగిలిన అమ్మోనియా ఇచ్చి 1.8 దాటిస్తారు. అక్కడ ఉప్పు కరిగే గుణం ఒక్కసారి పడిపోతుంది. అప్పటిదాకా కరిగి ఉన్నది గుళిక పైనే గట్టిపడుతుంది. కొత్తగా నీళ్ళు పోయకుండా, తీయకుండా, కేవలం అమ్మోనియాతో పదునును ఎక్కించడం, దించడం. అమెరికాలో టెన్నెసీ లోయ సంస్థ ఇంజినీర్లు రూపొందించిన ఈ ఉపాయం నేను చదివిన రసాయన ఇంజినీరింగులో అన్నిటికన్నా అందమైనది.

డ్రమ్ములోంచి వచ్చిందంతా బస్తాలోకి పోదు. ఎండబెట్టి జల్లించి, సన్నదాన్నీ, ముతకగా వచ్చి పగలగొట్టినదాన్నీ మళ్ళీ డ్రమ్ములోకే పంపుతారు. ఒక టన్ను బస్తాలోకి చేరేలోపు నాలుగైదు టన్నులు ఇలా చుట్టు తిరుగుతుంటాయి. ఆ తిరిగొచ్చిన పొడే కొత్త గుళికలకు విత్తనం, ఎక్కువైన తడిని పీల్చే పొడీ అదే. ఒక్కో గుళిక పొర మీద పొర పేరుకుంటూ పెరుగుతుంది. కేంద్రం 1985లో తెచ్చిన ఎరువుల నియంత్రణ ఉత్తర్వు ప్రకారం బస్తాలో నూటికి 90 పాళ్ళు 1 నుంచి 4 మిల్లీమీటర్ల మధ్య ఉండాలి. 3 మిల్లీమీటర్ల గుళికలు అనుకుంటే 50 కిలోల బస్తాలో సుమారు 20 లక్షల గుళికలు. మన వైపు రైతులు ఎరిగిన 28-28, 14-35-14 వంటివి చేసే కోరమాండల్ ఫ్యాక్టరీ విశాఖపట్నంలో 1967లో మొదలైంది. తర్వాత 1980లలో కాకినాడలో గోదావరి ఫెర్టిలైజర్స్ డీఏపీకి వచ్చింది. వైరా చెరువు కింద పొలాల్లో గట్టు మీద నిలబడి చేత్తో చల్లితే ఎరువు దుమ్ము లేవకుండా దూరంగా, సమంగా పడుతోందంటే ఆ సముద్రతీరపు డ్రమ్ముల దగ్గర ఎవరో ఒక మనిషి షిఫ్టంతా పదును చూసి నిలబెట్టాడని అర్థం.

ఆ మనిషికి మనం ఏం నేర్పిస్తున్నాం? ద్రవాలు ఎలా పారతాయో, వాయువులు ఎలా వ్యాకోచిస్తాయో మన పిల్లలు ఏళ్ళ తరబడి చదువుతారు. పొడి గురించి ఒక్క పాఠమైనా గట్టిగా చెప్పేవాళ్ళు తక్కువ. హైదరాబాదు చుట్టూ ఉన్న మాత్రల ఫ్యాక్టరీల్లో, తీరం వెంట ఉన్న ఎరువుల ఫ్యాక్టరీల్లో చేతికి తగిలేదంతా పొడే. ఐటీఐ, డిప్లొమా, డిగ్రీ చదివి ఆర్‌ఎంజీ దగ్గర నిలబడే పిల్లకు గానీ పిల్లాడికి గానీ, గుప్పిట్లో తగులుతున్నదానికి కారణం ఏమిటో సొంత భాషలో తెలియాలి. తెలిస్తే కాగితం మీద రాసిన నిమిషాల కంటే ముందే మిక్సర్ ఆపే ధైర్యం వస్తుంది. ఈ స్మారక నిధిలోంచి ఏటా కొంత తీసి, తెలుగులో పొడుల భౌతికశాస్త్రం మీద ఒక చిన్న పుస్తకం వేయించమని కమిటీని ఈ సభలోనే అడుగుతున్నాను. రాసే బాధ్యత నేను తీసుకుంటాను.

చివరగా రైతులకు ఒక మాట. ఫ్యాక్టరీలో కావాలని కట్టే నీటి వంతెనే మన ఇంట్లో వద్దన్నా కడుతుంది. గాలిలో తేమ ఒక హద్దు దాటితే ఎరువు ఆ తేమను తాగి పైన కరుగుతుంది. గుళికకూ గుళికకూ మధ్య ఉప్పునీటి వంతెన పడుతుంది. మధ్యాహ్నం గాలి ఆరితే ఆ నీరు పోయి ఉప్పు గట్టిపడి రాయిలాంటి వంతెన మిగులుతుంది. బస్తా గడ్డకట్టడం అంటే ఇదే. గాలి తేమ 70 శాతం దాటితే యూరియా తాగడం మొదలుపెడుతుంది. డీఏపీ 80 దాకా ఓర్చుకుంటుంది. రెండూ కలిపితే మాత్రం 60 దాటగానే, విడివిడిగా ఉన్నప్పటి కంటే చాలా ముందే, తడి పడుతుంది. ఆషాఢ శ్రావణాల్లో వైరాలో గాలి తేమ అంతకంటే పైనే ఉంటుంది. అందుకని బస్తాలు నేల మీద కాకుండా చెక్కల మీద, గోడకు ఎడంగా పేర్చండి. విప్పిన బస్తా మూతి బిగించి కట్టండి. యూరియా, డీఏపీ కలిపి చల్లాలనుకుంటే పొలం గట్టు మీదే, ఆ పూటకు కావలసినంతే కలపండి. మిగిలితే రాత్రికి ఇంటికి తేకుండా చేలోనే చల్లేయండి.